సాయన్న చదివించిన తుపాకీ నంబరు

నిన్న మధ్యాహ్నం మా ఆవిడ రవిక తెచ్చేందుకు హఫీజ్‌పేట్‌లో దర్జీ దుకాణానికి వెళ్ళాను. దర్జీ కుట్టుమిషన్‌ను వెనక్కి వాల్చి, సన్నటి ముక్కున్న డబ్బాతో లోపలి ఇనుముకు నూనె చుక్కలు వేస్తున్నాడు. ఆ వాసన తగలగానే నా కుడిచేతి చూపుడువేలు దానంతట అదే కర్రలా నిటారుగా చాచుకుంది. మిగిలిన వేళ్ళు ముడుచుకున్నాయి, అదొక్కటే బిగుసుకొని నిలబడింది. దర్జీ చూశాడు.

"ఏంది తాతా, ఏలు పట్టుకున్నదా?"

"ఇది ఉత్త ఏలు గాదు బిడ్డా," అన్నాను. "కొండాపూర్ల నలుగురు దొంగలను ఒక్క దెబ్బకు నేల మీద పండవెట్టిన ఏలు. పేపర్ల గూడ వచ్చింది."

అతను నూనె డబ్బా పక్కన పెట్టి, స్టూలు జరిపి, చాయ్ తెప్పించాడు. అబద్ధానికి జరిగే మర్యాద నిజానికి ఎప్పుడూ జరగదు. చాయ్ తాగినంతసేపూ నలుగురినీ పడుకోబెడుతూనే ఉన్నాను. గ్లాసు ఖాళీ అయ్యేసరికి ఒకడి చేతిలో కత్తి కూడా పెట్టాను. రవిక పట్టుకొని ఇంటికి నడుస్తుంటే మాత్రం సిగ్గేసింది. ఆ వేలును అలా చాచడం నేర్పింది సాయన్న. ఆయన పోయి రెండేళ్ళయింది గనుక ఎవరూ నన్ను ఆపరు. అందుకే నేనే ఆపుకొని, జరిగింది జరిగినట్టు రాద్దామని కూర్చున్నాను.

సాయన్న మీకు తెలియదు. కొండాపూర్ పెద్ద రోడ్డు మీద ఒక నగల దుకాణం ముందు ఏళ్ళ తరబడి తుపాకీతో నిలబడ్డ మనిషిని అద్దాల మేడల్లో పనిచేసేవాళ్ళు వేలమంది చూసే ఉంటారు. ఆయన ముఖం మాత్రం ఒక్కరికీ గుర్తుండదు. తుపాకీ ఉన్నవాడి ముఖం ఎవరూ చూడరు. కామారెడ్డి వైపు మనిషి. మిలిటరీలో హవల్దారుగా చేసి వచ్చాడు. బక్కపలచటి ఒళ్ళు, ఇస్త్రీ చెదరని చొక్కా, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. కళ్ళజోడు జారిపోకుండా బూటు లేసుతో తల వెనక కట్టుకునేవాడు. నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఆ దుకాణంలో ఉన్న ముగ్గురు గన్‌మన్లకూ ఆయనే పెద్ద.

నేను మిలిటరీ కాదు. కొత్తవాళ్ళతో మిలిటరీ అనే చెబుతుంటాను, అది వేరే సంగతి. అడవి పందుల నుంచి మక్కచేను కాపాడుకునేందుకు మా పెదనాయన తుపాకీ లైసెన్సు తీసుకున్నాడు. ఆయన తర్వాత అది నా పేరుకు మారింది. పన్నెండు బోరు, ఒంటి గొట్టం. పందులు దాన్ని చూసి ఎన్నడూ బెదరలేదు. సేద్యం సాగక పట్నం వచ్చాక తెలిసింది, ఇక్కడ సెక్యూరిటీ ఏజెన్సీలు సొంత తుపాకీ ఉన్నవాడి కోసం దీపం పెట్టి వెతుకుతున్నాయని. కర్ర పట్టుకున్నవాడికి ఒక జీతం, తుపాకీ ఉన్నవాడికి ఇంచుమించు రెట్టింపు. ఏజెన్సీకి కావలసింది తుపాకీ. దానితోపాటు నేనూ ఆ నగల దుకాణం ముందుకు వచ్చాను.

ఇక ఆ నలుగురు దొంగలు. పేపర్లో రాలేదు. దొంగలు కూడా కారు. వానాకాలం, సాయంత్రం. హెల్మెట్లు తీయకుండా నలుగురు మనుషులు గబగబా మెట్లెక్కి దుకాణంలోకి దూసుకొచ్చారు. నేను తుపాకీ ఎత్తి "రుకో!" అని అరిచాను. అంతవరకు నిజం. వాళ్ళు ఇళ్ళకు అన్నం పొట్లాలు చేరవేసేవాళ్ళు, వాన పెద్దదైతే తల దాచుకోవడానికి వచ్చారు. ముగ్గురు చేతులెత్తారు. నాలుగోవాడు తడి రాతి మీద జారి వెల్లకిలా పడ్డాడు. నేల మీద పడుకున్నది వాడొక్కడే, ఆ ఘనత గ్రానైటు రాయిదే. సేల్స్ అమ్మాయిలు నవ్వారు, నేనూ నవ్వాను. సాయన్న నవ్వలేదు. వచ్చి నా చేతిలోంచి తుపాకీ తీసుకొని, గొట్టం మొదట్లో విరిచినట్టు మడిచాడు. లోపలి తూటా ఆయన అరచేతిలో పడింది.

"ఎత్తినప్పుడు నీ ఏలు యాడుండె?"

"ఏ ఏలు అన్నా?"

"ఇనవడ్తలేదా? నీ ఏలు యాడుండె?"

"ట్రిగ్గర్ మీద."

"ఆయన జారి పడ్డప్పుడు నువ్వు గూడ ఉలికివడ్డవా?"

"వడ్డ."

ఆయన తూటాను చొక్కా జేబులో వేసుకున్నాడు. "ఆ నలుగురిని జూస్తె నాకు భయం గాలె మల్లయ్యా. నిన్ను జూస్తె అయ్యింది."

వారం రోజులు నాకు తూటా ఇవ్వలేదు. కోట్లు విలువ చేసే బంగారం ముందు మీసం మెలేసుకొని ఖాళీ ఇనుప గొట్టంతో నిలబడ్డాను. వేలు మాత్రం ట్రిగ్గర్ గూటి బయట, చెక్క వెంబడి, నిటారుగా చాచి ఉంచాలి. సాయన్న వచ్చిపోతూ దాన్నే చూసేవాడు. మొదటి రెండు రోజులు అవమానంగా ఉండేది. మూడోరోజు, వేలు చాచి నిలబడ్డప్పుడు, ఆ జారిపడ్డ మనిషి తడిసిన చొక్కా, దానికి ఎదురుగా నా గొట్టం, నా ఉలికిపాటు అన్నీ కళ్ళముందుకొచ్చాయి. మోకాళ్ళు వణికాయి. ఆ వణుకు చూసి సాయన్న దగ్గరికొచ్చి జేబులోంచి తూటా తీసి ఇచ్చాడు. "ఇప్పుడు పట్టుకో," అన్నాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది గురి కాదు. భయం.

రోజూ దుకాణం తెరవకముందు, వెనక సందులో జనరేటర్ పక్కన మా ముగ్గురికీ ఒక తంతు ఉండేది. తుపాకీ మడిచి, చిటికెన వేలు గొట్టంలో పెట్టి, "ఖాళీ" అని పైకి చెప్పాలి. తర్వాత ఇనుము మీద చెక్కి ఉన్న నంబరు పైకి చదవాలి. ఆయన మా లైసెన్సు పుస్తకాలు తెరిచి పట్టుకొని, నంబరు వింటూ సరిచూసుకునేవాడు. ఆ తర్వాతే తూటా. మెడలో కార్డులు వేసుకొని అటుగా పోయే ఆఫీసు పిల్లలు ఇదేదో పూజ అనుకునేవాళ్ళు. నేను తుపాకీ వంక చూడకుండా, ఆకాశం వంక చూస్తూ, బడిపిల్లాడు ఎక్కం చెప్పినట్టు నంబరు గడగడా చెప్పేవాణ్ణి.

"సదువు. ఒప్పజెప్పకు," అనేవాడు సాయన్న.

"రోజూ గిదే తుపాకి గదనే. పెండ్లాం పేరు సూసి సదువుతమా?"

"పెండ్లాం మారితె నీకు ఎరుకైతది. ఇనుము మారితె ఎరుక గాదు."

ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకీలన్నీ ఠాణాలో జమ చేయాలి. ఓట్లు అయిపోయి, ఫలితాలు వచ్చి, పైనుంచి కాగితం వచ్చేదాకా అవి అక్కడే ఉంటాయి. బ్యాంకు తుపాకీలకు మినహాయింపు దొరికేది, మా నగల దుకాణానికి దొరకలేదు. అన్ని వారాలూ మేము గన్‌మన్లం కాదు. నా చేతికి ఒక విజిల్ ఇచ్చి పార్కింగ్‌లో నిలబెట్టేవాళ్ళు. జీతం సగానికి పడేది. నిన్నటిదాకా నన్ను చూసి కారు అద్దం దించి నమస్తే పెట్టినవాడు ఇప్పుడు అదే అద్దంలోంచి హారన్ కొట్టేవాడు. అంతా అయ్యాక తుపాకీ తిరిగి వచ్చేది, గొట్టం లోపల తుప్పుతో. కడుపు మండేది. మండిందంటే అబద్ధం కాదు.

సరిగ్గా అలాంటి రోజుల్లోనే తుపాకీ లైసెన్సుదారుల హక్కుల సంఘం మా దగ్గరికొచ్చింది. దాని అధ్యక్షులు రాఘవరావుగారు కోస్తా నుంచి వచ్చి కొండాపూర్‌లో అపార్ట్‌మెంట్లు కట్టే పెద్దమనిషి. ఇంట్లో రెండు పిస్తోళ్ళు ఉన్నాయని చెప్పుకునేవారు. ఆదివారం పొద్దున ఫంక్షన్ హాల్లో మీటింగు పెట్టి, ఇడ్లీ, వడ పెట్టించి, మమ్మల్ని ముందు వరుసలో కూర్చోబెట్టారు. కోరికలు చదివారు. ఎన్నికల్లో తుపాకీ జమ చేసే పద్ధతి ఎత్తేయాలి. రెన్యువల్ నెలల తరబడి నానబెట్టకూడదు. జమ చేసినవాటిని తుప్పు పట్టకుండా చూడాలి. అడిగిన ప్రతి మర్యాదస్థుడికీ లైసెన్సు ఇవ్వాలి. నాయకులను, అధికారులను కలిసి ఒత్తిడి తేవాలంటే వెనక జనం కనబడాలి.

"మల్లయ్యగారూ, మీలాంటి వాళ్ళే మా బలం అండి," అన్నారు నా భుజం మీద చెయ్యేసి. పట్నంలో నన్ను గారు అన్న మొదటి మనిషి ఆయన. ఆ మాటకే సగం సంతకం అయిపోయింది.

సాయన్న లేచి నిలబడ్డాడు. "సార్, తుప్పు సంగతి నిజం. రెన్యువల్ సంగతి నిజం. గా రెండిటికి ఇప్పుడే సంతకం పెడ్త. ఓట్లప్పుడు తుపాకి ఇంట్ల ఉండాలన్నదానికి పెట్ట."

"అదేంటండీ సాయన్నగారూ? జీతం తగ్గేది మీకేగా? తుపాకీ లేనప్పుడు దొంగ వస్తే ఎవరిది బాధ్యతండీ?"

"జీతం తగ్గుతది సార్. నాకు గూడ కడుపు మండుతది."

"మరి? మేము ఎవరినైనా కాల్చామా? లైసెన్సు ఉన్నవాడు తప్పు చేయడండీ. అయినా అనుమానం మన మీదే."

హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. సాయన్న లవంగం బుగ్గన పెట్టుకొని చప్పట్లు ఆగేదాకా ఆగాడు. "నా చిన్నతనంల మా ఊర్ల ఓట్లు పడ్డయి. మా పటేలు తుపాకి భుజానికేసుకొని బడి గోడకాడ నిలవడ్డడు. కాల్చలే. ఎవ్వర్ని ఒక్క మాట అనలే. లైసెన్సు గూడ ఉండె. మా నాయిన లైన్లకెల్లి ఎనుకకు తిరిగి ఇంటికొచ్చిండు. 'ఓటేసినవా నాయినా' అంటె, 'నెత్తి నొస్తున్నది' అన్నడు. మల్ల బతికినన్ని దినాలు ఓటేయలే. గంతే సార్." అని కూర్చున్నాడు.

రాఘవరావుగారు మంచినీళ్ళు తాగి, "ఆ రోజులు వేరండీ," అన్నారు. అదీ అబద్ధం కాదు. నేను లైన్లో నిలబడి అన్ని కోరికలకూ కలిపి ఒకే సంతకం పెట్టాను, నా ఫోటో ఉన్న సభ్యత్వం కార్డు తీసుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో సాయన్న అడిగాడు.

"పెట్టినవా?"

"పెట్టిన. తప్పానే?"

"తప్పని నేనెప్పుడన్న? నీ ఇల్లు నువ్వు నడుపుకోవాలె. నా భయం నేను చెప్పుకున్న, గంతే."

ఆ ఎన్నికలు అయిపోయాక తుపాకీలు తీసుకొమ్మని ఠాణా నుంచి కబురొచ్చింది. ఏ ఠాణా అని అడగకండి, చెప్పను. అప్పుడే సాయన్న భార్యకు కంటి ఆపరేషన్ అయి ఆయన దవాఖానలో ఉన్నాడు. రావడానికి నాలుగు రోజులు పడుతుందని, దుకాణంలో పొద్దుటి తంతు నాకు అప్పజెప్పాడు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఠాణాలో జనం కిటకిటలాడుతున్నారు. రసీదు ఇచ్చాను, లోపలి నుంచి నా సంచి వచ్చింది. మా ఆవిడ బాలమణి పాత ఆకుపచ్చ రెయిన్‌కోటు కత్తిరించి కుట్టిన సంచి, వెయ్యింటిలో ఉన్నా గుర్తుపడతాను. సంచి నాదైతే లోపలిదీ నాదే. పుస్తకంలో సంతకం పెట్టి భుజానికేసుకొని వచ్చేశాను. మూడు రోజులు ఆకాశం వంక చూస్తూ నంబరు ఒప్పజెప్పాను, నాకు నేనే సరిచూసుకొని, నాకు నేనే తూటా ఇచ్చుకున్నాను.

మూడోరోజు మధ్యాహ్నం, సెలవు తీసుకొని, ఇంట్లో తుప్పు గీకుదామని సంచి విప్పాను. చెక్క మీద మా పెదనాయన కొట్టిన గాటు లేదు. అరిగిపోయిందేమో అనుకున్నాను. గాటు ఎక్కడైనా అరుగుతుందా? ఇనుము మీది నంబరు చదివాను. మళ్ళీ చదివాను. మొదటి నాలుగంకెలు నావే, చివరి మూడూ కావు. ఒకే కంపెనీ, ఒకే బోరు, ఒకే రంగు చెక్క. జమ చేసుకున్న రోజు నంబర్లు రాసుకోవడానికి అన్నీ సంచుల్లోంచి తీశారు, తిరిగి పెట్టేటప్పుడు తారుమారై ఉంటాయి.

ఒళ్ళంతా చెమట పట్టింది. నా లైసెన్సులో లేని తుపాకీ నా ఇంట్లో ఉంటే దానికి ఒకే ఒక్క పేరు, దొంగ తుపాకీ. పట్టుకుంటే జైలు, లైసెన్సు పోతుంది, దాని వెంట కొలువు. ఈ తుపాకీతో మూడు రోజులు తూటా వేసుకొని నడిరోడ్డు మీద నిలబడ్డాను. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి మెల్లగా లోపలికి దిగింది. నాది ఎవరి దగ్గరుంది? నా పేరున ఉన్న ఇనుము, ముక్కూ ముఖం తెలియని ఎవడి చేతిలోనో ఉంది. అది ఎవరినైనా కాలిస్తే పోలీసులు నంబరు చూస్తారు. నంబరు నా ఇంటికి దారి చూపిస్తుంది. తలుపు వేసి గడియ పెట్టాను. బాలమణి వంటింట్లోంచి వచ్చి చూసింది.

"ఏందయ్యా, పామును జూసినట్టు జూస్తున్నవ్?"

"ఇది మనది గాదు."

ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఎవరిది వాళ్ళకిచ్చిరా."

ఎవరిదో తెలిస్తే కదా. ఠాణాకు పోతే, మూడు రోజులు ఎందుకు దాచావంటారు. దాచలేదు, చూడలేదంటే నమ్మేవాడెవడు? గల్లీలో బైకు ఆగితే గుండె ఆగేది. సాయంత్రం కూరగాయలకని బయటికి వెళ్తే, చాయ్ హోటల్ టీవీలో ఎక్కడో భూమి తగాదాలో తుపాకీ పేలిందని వస్తోంది. చేతిసంచి కింద పెట్టి, జనాన్ని తోసుకుంటూ టీవీ ముందుకు పోయి నిలబడ్డాను. చచ్చినవాడెవడు, ఏ ఊరు, నాకేమీ వినబడలేదు. తుపాకీ బొమ్మ ఎప్పుడు చూపిస్తారా అని చూశాను. చూపించారు, అది పిస్తోలు. ఊపిరి వదిలాను. ఒక మనిషి పోయిన వార్త విని నేను ఊపిరి వదిలానని ఇంటికొచ్చాక గాని తట్టలేదు.

మరునాడు పొద్దున్నే సంచి భుజానికేసుకొని, సభ్యత్వం కార్డు పట్టుకొని రాఘవరావుగారి ఆఫీసుకు వెళ్ళాను. ఆయన అంతా విని, కుర్చీలోంచి లేచి మరీ నా చేతులు పట్టుకున్నారు. "చూశారా అండీ! జమ చేయించుకుంటే జరిగేది ఇదే! మల్లయ్యగారూ, ఎవరికీ చెప్పకండి. పదిరోజుల్లో ధర్నా పెడుతున్నాం. పత్రికల వాళ్ళ ముందు ఆ తుపాకీ చూపిద్దాం."

"పది దినాలు అది నా ఇంట్ల ఉండాల్నా సార్?"

"ఉంచండి. సంఘం లేదూ?"

"ఈలోపల నన్ను పట్టుకుంటె?"

"పట్టుకుంటే మన కేసు ఇంకా బలపడుతుంది కదండీ," అని నవ్వారు. చెడ్డవారు కాదు. వకీలును పెడతానన్నారు, పెట్టేవారే. కానీ ఆ నవ్వు విన్నాక నేను కార్డు జేబులో పెట్టుకొని లేచాను. ఆయనకు నేను దొరికిన ఆనందంలో నేను పోయే సంగతి కనబడలేదు.

అక్కడి నుంచి నేరుగా దుకాణానికి వచ్చాను. సాయన్న దవాఖాన నుంచి వచ్చేశాడు, పుస్తకాలు పట్టుకొని జనరేటర్ పక్కన నిలబడ్డాడు. నా వంతు వచ్చింది. ఆకాశం వంక చూసి నా నంబరు గడగడా ఒప్పజెప్పాను. పుస్తకంలో ఉన్నదానికి అంకె తేడా లేదు. ఆయన కళ్ళజోడు సర్దుకొని నా పక్కకు వచ్చి ఇనుము మీద వేలు పెట్టాడు.

"గిది సదువు."

తుపాకీని ఒంటికి ఇంకాస్త దూరం జరిపాను.

"తుపాకిని ఎవడన్న గట్ల ఒంటికి దూరం పట్టుకుంటడా? సదువు మల్లయ్యా."

చదివాను. చివరి మూడంకెలు పుస్తకంలో లేవు. మూడో గన్‌మన్‌ను ముందు గేటు దగ్గరికి పంపించి, సాయన్న జనరేటర్ దిమ్మె మీద కూర్చున్నాడు. అన్నీ చెప్పాను, ధర్నా సంగతితో సహా.

"సంఘపోల్లు అన్నది నిజమే గదన్నా," అన్నాను చివరికి. "జమ చేసుకోకపోతె గిట్ల మారకపోతుండె గద."

"మారకపోతుండె. నువ్వు సదివి తీసుకున్నా మారకపోతుండె." లైసెన్సు పుస్తకాలు మూశాడు. "సంఘం ఉండాలెరా. తుప్పు గురించి అడిగేటోడు ఉండాలె. గని నీ భయం వాళ్ళకు బ్యానరైతది, నీకు మాత్రం భయం లెక్కనే ఉంటది. పా, ఠాణాకు పోదం."

ఇంటికి కబురు చేస్తే బాలమణి డబ్బాలో అన్నం కట్టుకొని వచ్చేసింది, నన్ను లోపల వేస్తే తిండి ఉండాలని. ఠాణా ఎదురుగా చాయ్ హోటల్లో ఆమెను కూర్చోబెట్టాం. నేను ఆకుపచ్చ సంచి భుజానికేసుకున్నాను. మెట్లెక్కాను. సాయన్న నా వెనకే వచ్చాడు. తుపాకీ బల్ల మీద పెట్టి, "సార్, ఇది నాది గాదు, చూడకుండ తీసుకపోయిన, తప్పు నాదే," అన్నాను. స్టేషన్ రైటర్ నన్ను, తుపాకీని, పుస్తకాన్ని మార్చి మార్చి చూసి, నాలుగు తిట్లు తిట్టాడు. రిజిస్టరు తిరగేస్తే, నాది మూసాపేట్‌లో ఒక గోదాముకు కాపలా కాసే ముసలాయన దగ్గర దొరికింది. ఆయన అసలు సంచి మూతే విప్పలేదు, గోడకు తగిలించి ఉంచాడు. నేను హంతకుడి చేతిలో ఊహించుకున్న తుపాకీ సంచి మీద సాలెపురుగు గూడు పెట్టుకుంటోంది. నా మీద కేసు రాలేదు, మందలించి వదిలేశారు.

ఆ నెలలోనే సాయన్న తుపాకీ వదిలిపెట్టాడు. ఇక చాలన్నాడు. విజిల్ పట్టుకొని పార్కింగ్‌కు మారాడు, కొలువు మానేసేదాకా అక్కడే ఉన్నాడు. జీతం తగ్గిందని ఒక్కమాట అనలేదు. పొద్దున మాత్రం జనరేటర్ దగ్గరికొచ్చి మా నంబర్లు విని పోయేవాడు. సంఘంవాళ్ళు తర్వాత తుప్పు మీద, రెన్యువల్ మీద అర్జీ వేరుగా రాసి తెస్తే, అన్నమాట ప్రకారం సంతకం పెట్టాడు. ఆ అర్జీతో ఠాణాలో తుపాకీలకు చెక్క స్టాండ్లు వచ్చాయి, నూనె వచ్చింది. ఎన్నికల జమ మాత్రం అలాగే ఉంది. తుపాకీ ఉన్నవాడు ఆ సంఘానికి మద్దతివ్వాలా వద్దా అని ఇప్పటికీ కొత్త గన్‌మన్లు నన్ను అడుగుతారు. ఏ కోరికకు సంతకం పెడుతున్నావో ఒక్కొక్కటి చదివి పెట్టమంటాను, ఒకే సంతకంలో అన్నీ మింగవద్దంటాను. వాళ్ళ వాట్సాప్ గ్రూపులో నేనూ ఉన్నాను. పోయిన ఏడాది నా తుపాకీని సర్కారుకు అప్పజెప్పేశాను. ఇనుము పోయింది, భయం నా దగ్గరే మిగిలింది. గ్యాస్ బండ వస్తే సీలు చూస్తాను, మందుబిళ్ళ వేసుకునే ముందు పేరు చదువుతాను, వేలు ఎక్కడుందో చూసుకుంటాను. సాయన్న నాలో మిగిల్చిపోయిన మనిషి ఆ భయపడే మనిషే.

ఇంతవరకు రాసి, పొద్దున బాలమణికి చదివి వినిపించాను. ఆమె గోంగూర ఆకులు తెంపుతూ వింది. నలుగురు దొంగల దగ్గర నవ్వింది, టీవీ దగ్గర నవ్వలేదు. అయిపోయాక, ఎట్లుంది, ఈసారి ఒక్క అబద్ధం కూడా లేదు కదా అన్నాను.

"ఠాణాలకు నువ్వెప్పుడు పోయినవ్?" అంది కాడలు పక్కన పడేస్తూ. "నువ్వు నాతోని చాయ్ హోటల్ల కూసున్నవ్. సంచి భుజానికేసుకొని లోపటికి పోయింది సాయన్న. 'నంబరు సూసి తూటా ఇచ్చేది నేనే, సూడంది నేనే, మల్లయ్యకు ఎరుకలేదు' అని రాసిచ్చింది ఆయన. గందుకే ఆయన లైసెన్సు గుంజుకున్నరు. వదిలిపెట్టిండని రాస్తున్నవా? పొద్దుగూకేదాక ఆయన బయటికి రాలే. నువ్వు నా డబ్బలున్న అన్నం తిన్నవు గని, ఒక్కపారి లేచి ఆ తలుపు దిక్కు సూడలే."